ఇచ్చింది ఒకచోట, తిరిగేది ఊరంతా: వ్యక్తిగత సమాచారంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ శీర్షికకు సాధారణంగా బ్యాంకు ఖాతాలు, పింఛన్లు, వీలునామాల గురించి ప్రశ్నలు వస్తుంటాయి. కొన్ని నెలలుగా ఉత్తరాల తీరు మారింది. తమ పేరు, ఫోన్ నంబరు, ఆధార్ వివరాలు ముక్కూమొహం తెలియనివారి చేతుల్లోకి ఎలా వెళ్తున్నాయి, వాటిని వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందా అని అడుగుతున్నవారే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాం. విషయం ఇది కాబట్టి రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి): మా అమ్మాయి పెళ్లి కోసం వివాహ సంబంధాల వెబ్‌సైట్ ఒకదానిలో వివరాలు నమోదు చేశాను. వారం తిరగకముందే కల్యాణ మండపాలవారు, క్యాటరింగ్ వారు, నగల చీటీలవారు, చివరకు పెళ్లి ఖర్చులకు అప్పు ఇస్తామనేవారు కూడా ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఒకాయన మా అమ్మాయి ఏం చదివిందో, ఏ ఊళ్లో ఉద్యోగం చేస్తోందో కూడా చెప్పాడు. నేను వీళ్లలో ఎవరికీ నంబరు ఇవ్వలేదు. మరి ఎలా తెలిసింది?

జవాబు: మాస్టారూ, మీరు వారికి ఇవ్వకపోయినా మీ దగ్గర తీసుకున్నవారి నుంచో, వారి దగ్గర పనిచేసేవారి నుంచో, ఆ వెబ్‌సైట్ పేజీలను యంత్రాలతో గాలించి వివరాలు ఏరుకునేవారి నుంచో అవి బయటికి వెళ్లి ఉంటాయి. మీ విషయంలో ఈ మూడింటిలో ఏది జరిగిందో ఉత్తరాన్ని బట్టి చెప్పలేను కానీ, బయటికి వచ్చిన తర్వాత నడిచే వ్యాపారం మాత్రం ఒక్కటే. ఈ వ్యాపారంలో ఉన్నవారు మనిషిని ‘లీడ్’ అంటారు. ఇల్లు కొనబోయేవారు ఒక రకం లీడ్, పిల్లను ఇంజనీరింగ్‌లో చేర్పించబోయేవారు మరో రకం, పెళ్లి చేయబోయేవారు ఇంకో రకం. ఒక్కో రకాన్ని ఒక్కో ఎక్సెల్ ఫైలుగా కట్టి అమ్ముతారు. మీ పేరు ఉన్న వరుసలో మొదటి గడిలో పేరు, తర్వాత ఫోన్ నంబరు, ఊరు, వయసు, ఉద్యోగం, ఆదాయం ఇలా గడులు సాగుతాయి. ఒకరు కొన్న ఫైలును మరొకరి ఫైలుతో ఫోన్ నంబరు ఆధారంగా జోడిస్తే, ఖాళీగా ఉన్న గడులు కూడా నిండుతాయి. అమ్మాయి ఉద్యోగం సంగతి మీరు పెళ్లి వెబ్‌సైట్‌లో రాయకపోయినా అవతలివాడికి తెలియడానికి ఈ జోడింపే చాలు. మనం పదిచోట్ల పది ముక్కలుగా ఇచ్చినదాన్ని ఒకచోట కుట్టి నిండు మనిషిని తయారుచేయడమే డేటా దళారి పని.

ఈ వ్యాపారం ఎంత విస్తరించిందో మన హైదరాబాద్‌లోనే బయటపడింది. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలను అమ్ముతున్న ముఠాను అరెస్టు చేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఫరీదాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న మరొకరిని పట్టుకున్నారు. అతని దగ్గర 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు ఉన్నట్టు పోలీసులు వెల్లడించారు. విద్యార్థులు, ప్రభుత్వోద్యోగులు, వాహన యజమానులు, పాన్ కార్డుదారులు, వయోవృద్ధులు అంటూ అవి కొట్టు అరల్లో సరుకులా వర్గాలుగా విడదీసి ఉన్నాయి. ‘వయోవృద్ధులు’ అనే వర్గాన్ని విడిగా కొనేవాడు ఎందుకు కొంటాడో ఒక్క క్షణం ఆలోచించండి. అది నగల చీటీ అమ్మడానికే అని నేను అనుకోలేకపోతున్నాను.

బయటికి వెళ్లిన వివరాలను పూర్తిగా వెనక్కి రప్పించే మార్గం లేదు. కొత్తగా వెళ్లకుండా ఆపడం, వచ్చే కాల్స్‌ను తగ్గించడం మన చేతుల్లో ఉన్నాయి. ఇలాంటి పనులకు రెండో సిమ్ ఒకటి పెట్టుకొని, బ్యాంకుకు, ఆధార్‌కు అనుసంధానించిన నంబరును ఏ వెబ్‌సైట్‌లోనూ రాయకండి. చట్టపరమైన పత్రం కానిచోట పేరులో ఒక పొడి అక్షరాన్ని కావాలనే మార్చి రాయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఫోన్ చేసినవాడు ఆ మార్చిన అక్షరంతో పిలిస్తే ఏ దుకాణం నుంచి పేరు బయటికి వెళ్లిందో వెంటనే తెలిసిపోతుంది. ఒకసారి రక్తపరీక్షకు ఇచ్చిన పేరుతో, రిపోర్టు నా చేతికి రాకముందే, మధుమేహానికి పొడులు అమ్మే మనిషి నాకు ఫోన్ చేశాడు. నా ఒంట్లోని చక్కెర సంగతి నాకంటే ముందు ఒక అంగడివాడికి తెలియడం ఎంత బాధ కలిగించిందో మాటల్లో చెప్పలేను.

ఇక కాల్స్ సంగతి. 1909 నంబరుకు ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్టార్ట్’ అని, ఖాళీ వదిలి సున్నా కొట్టి ఎస్ఎంఎస్ పంపితే ప్రచార కాల్స్, సందేశాలన్నిటినీ నిరాకరించినట్టు నమోదవుతుంది. ఆ తర్వాత కూడా ఎవరైనా ఫోన్ చేస్తే, వచ్చిన 7 రోజుల్లోపు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ (‘డూ నాట్ డిస్టర్బ్’) యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ప్రచారానికి ఫోన్ చేసే సంస్థలు 140తో మొదలయ్యే నంబర్లనే వాడాలన్నది నియమం. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి అమ్మకపు కాల్ వచ్చిందంటే అప్పటికే నియమం తప్పినట్టే. ఆ సంగతిని ఫిర్యాదులో రాయండి.

ప్రశ్న (గృహిణి, హనుమకొండ): సూపర్ మార్కెట్లో ఫోన్ నంబరు చెప్పకపోతే బిల్లు రాదంటున్నారు. చెప్పక తప్పదా?

జవాబు: తప్పనిసరి కాదమ్మా. నంబరు ఇస్తేనే సరుకు అమ్ముతామని పట్టుబట్టడం అనుచిత వ్యాపార పద్ధతి అని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో స్పష్టం చేసింది. ‘నంబరు ఇవ్వను, బిల్లు కాగితం మీద ఇవ్వండి’ అని మర్యాదగానే చెప్పండి. కౌంటర్ దగ్గరి అమ్మాయి కంప్యూటర్‌లో ఆ గడి నింపకపోతే ముందుకు వెళ్లదని చెబితే, మేనేజర్‌ను పిలిపించమనండి. ఆ అమ్మాయి మీద కోపగించుకోవద్దు, ఆ గడిని తప్పనిసరి చేసింది ఆమె కాదు. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ప్రశ్న (రైతు, వినుకొండ దగ్గరి గ్రామం): నా బ్యాంకు ఖాతాలోంచి మూడు దఫాలుగా డబ్బు పోయింది. ఓటీపీ రాలేదు, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, నాకు ఏటీఎం కార్డే లేదు. బ్యాంకువారు వేలిముద్ర వేసి తీసుకున్నట్టు ఉందంటున్నారు. నా వేలు నా చేతికే ఉంది కదా?

జవాబు: మీ వేలు మీ చేతికే ఉన్నా, దాని ముద్ర మరెక్కడో కాగితం మీద ఉండి ఉండవచ్చు. ఆధార్ ఆధారంగా డబ్బు తీసే విధానంలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఈ మూడూ ఉంటే చాలు. ఓటీపీ, పిన్ నంబరు అక్కర్లేదు. చదువురాని పెద్దలకు ఊళ్లోనే డబ్బు అందాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన ఏర్పాటు ఇది, లక్షల మందికి మేలు కూడా చేసింది. అయితే భూమి దస్తావేజు మీద మనం వేసే వేలిముద్ర, పక్కనే రాసే ఆధార్ నంబరు, రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం స్కాన్ ప్రతి రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో దొరికితే దొంగకు కావలసినవి దాదాపు అన్నీ ఒకచోట దొరికినట్టే. 2018లో తెలంగాణలో సిమ్ కార్డుల పంపిణీదారు ఒకరు, అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికి, దస్తావేజుల ప్రతులను ఆన్‌లైన్‌లో సంపాదించి వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, వేల సిమ్ కార్డులను ఇతరుల పేరున యాక్టివేట్ చేసినట్టు పోలీసు దర్యాప్తులో తేలింది. తర్వాతి సంవత్సరాల్లో దేశంలో చాలాచోట్ల ఇదే ఉపాయంతో బ్యాంకు ఖాతాలు ఖాళీ చేశారు.

మీరు ముందు చేయవలసినది సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవడం. అదే రోజు బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేయించుకున్న ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక, మధ్యలో మరొకచోట జరిగినప్పుడు, బ్యాంకు నుంచి ఆ లావాదేవీ సమాచారం అందిన 3 పని దినాల్లోపు ఖాతాదారు ఫిర్యాదు చేస్తే అతనిపై ఏ భారమూ పడకూడదని, 10 పని దినాల్లో ఆ సొమ్మును తాత్కాలికంగా ఖాతాకు జమ చేయాలని రిజర్వు బ్యాంకు 2017లోనే ఆదేశించింది. బ్యాంకు 30 రోజుల్లో సరైన సమాధానం ఇవ్వకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దారి తెలియకపోతే రిజర్వు బ్యాంకు సహాయ నంబరు 14448కి ఫోన్ చేసి తెలుగులోనే అడగండి.

తర్వాత ఎంఆధార్ యాప్‌లో గానీ ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ వేయించుకోండి. లాక్ వేశాక మీ వేలిముద్ర ఎవరు వాడినా యంత్రం ఒప్పుకోదు. ఒక్క సంగతి మాత్రం మరచిపోకండి. ఆ లాక్ మీకూ వర్తిస్తుంది. రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర వేలు పెట్టే ముందు ఫోన్‌లో లాక్ తీయాలి, తీసినది కొద్ది నిమిషాల్లో మళ్లీ దానంతటదే పడిపోతుంది. ఇంట్లో అలా తీయగలిగినవారు లేని ఒంటరి వృద్ధులకు ఈ లాక్ వేస్తే నెల బియ్యం దగ్గర ఇబ్బంది పడతారు. అలాంటివారి ఖాతాలో ఎక్కువ సొమ్ము ఉంచకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చడం నయం. మీ ఆధార్ ఎప్పుడెప్పుడు, ఏ పద్ధతిలో వాడారో గత 6 నెలల వివరం కూడా అదే యాప్‌లో కనిపిస్తుంది. పక్కింటి అబ్బాయిని కూర్చోబెట్టుకొని ఒకసారి చూడండి, ఫిర్యాదుకు అదే మంచి ఆధారం.

ప్రశ్న (చిరువ్యాపారి, అనంతపురం): తిరుపతి వెళ్లినప్పుడు లాడ్జీలో ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తోంది. ఇవ్వవచ్చా?

జవాబు: గుర్తింపు అడగడం వారి బాధ్యత, ఏ గుర్తింపు చూపించాలన్నది చాలావరకు మీ ఇష్టం. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు చూపవచ్చు. ఆధారే ఇవ్వవలసి వస్తే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ వెబ్‌సైట్ నుంచి దించుకొని దాని ప్రతి ఇవ్వండి. ఆ ప్రతి మీద అడ్డంగా ‘ఫలానా తేదీన బస కోసం మాత్రమే’ అని పెన్నుతో రాసి సంతకం పెట్టండి, అక్షరాలు ఫొటోను, అంకెలను తాకేటట్టు రాయాలి. జిరాక్స్ తీయించేటప్పుడు పాడైన కాగితాన్ని అక్కడి బుట్టలో వదిలేయకుండా వెంట తెచ్చుకోండి. ఫైలును జిరాక్స్ దుకాణం వాట్సాప్ నంబరుకు పంపితే, ప్రింటు తీశాక వారి కంప్యూటర్‌లోంచి మీ కళ్లముందే తీసేయించండి.

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థిని, హైదరాబాద్): స్నేహితురాలితో స్కూటీ గురించి మాట్లాడాను, సాయంత్రానికి ఫోన్ నిండా స్కూటీ ప్రకటనలే. ఫోన్ మన మాటలు వింటోందా?

జవాబు: ఈ అనుమానం రానివారు లేరు. అయితే ఆ ప్రకటన చూపడానికి మీ మాటలు వినవలసిన అవసరమే వారికి లేదు, నన్ను ఎక్కువ కలవరపెట్టేది కూడా అదే. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌కు, ఐఫోన్‌కు ప్రకటనల కోసం ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మీరు వాడే టార్చ్ యాప్, పంచాంగం యాప్, ఆటల యాప్ అన్నీ తాము సేకరించినదాన్ని ఆ సంఖ్యకు జోడించి పంపగలవు. మీరు, మీ స్నేహితురాలు ఒకే హాస్టల్ వైఫై వాడుతున్నారు, ఒకే చోట గంటల తరబడి ఉంటున్నారు, ఆమె ముందురోజు రాత్రి స్కూటీ ధరలు వెతికింది. ఇంత తెలిశాక మీరిద్దరూ దాని గురించి మాట్లాడుకుని ఉంటారని ఊహించడం కష్టం కాదు.

ఈ సేకరణ ప్రకటనల దగ్గరే ఆగితే అంత చింత ఉండేది కాదు. నమాజు వేళలు, ఖిబ్లా (ప్రార్థనలో తిరగవలసిన మక్కా వైపు) దిశ చెప్పే ఒక యాప్ నుంచి వాడకందారుల స్థాన సమాచారం అమెరికాలోని ఒక డేటా దళారి సంస్థకు, అక్కడి నుంచి ఆ దేశ సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు చేరినట్టు 2020లో పత్రికలు బయటపెట్టాయి. దేవుణ్ణి తలచుకోవడానికి ఫోన్ తీసినవారు ఏ వేళ ఎక్కడ ఉన్నారో ఒక సైన్యానికి అందే వీలు ఏర్పడింది. 2024 జనవరిలో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ దళారి సంస్థను ఆసుపత్రులు, ప్రార్థనాలయాల వంటి సున్నితమైన చోట్ల స్థాన సమాచారం అమ్మకుండా కట్టడి చేసింది. వ్యాపారుల సేకరణ వేరు, ప్రభుత్వ నిఘా వేరు అని మనం అనుకుంటాం గానీ, అమ్మకానికి పెట్టినదాన్ని ఎవరైనా కొనగలరు.

మీ ఫోన్ ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో గూగుల్, దానిలో యాడ్స్ తెరిచి ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించండి. ఐఫోన్ అయితే ప్రైవసీ విభాగంలో ట్రాకింగ్ కోసం అడిగే అవకాశాన్నే యాప్‌లకు ఇవ్వకుండా ఆపేయవచ్చు. తర్వాత లొకేషన్ అనుమతి ఉన్న యాప్‌ల జాబితా తెరవండి. మ్యాప్‌కు, క్యాబ్‌కు ‘వాడేటప్పుడు మాత్రమే’ అని ఇచ్చి, మిగిలినవాటికి తీసేయండి. క్యాలిక్యులేటర్ మీరు ఎక్కడున్నారో తెలుసుకోవాలని అడిగితే ఆ క్యాలిక్యులేటర్‌నే తీసేయండి. మైకు అనుమతుల జాబితా కూడా చూడండి, అనుమానం తీరడానికైనా మంచిదే.

ఇలాంటి మరో ఉత్తరం కరీంనగర్ నుంచి ఒక యువకుడు రాశారు. అప్పు యాప్ తన కాంటాక్టులన్నీ లాక్కొని బంధువులకు అసభ్య సందేశాలు పంపుతోందట. తమ్ముడూ, డిజిటల్ రుణాలిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోలు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిషేధించింది. గుర్తింపు పొందిన యాప్‌ల పట్టికను 2025 జులై నుంచి తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఆ పట్టికలో లేని యాప్‌కు ఇక ఒక్క రూపాయి కట్టే ముందు 1930కి ఫోన్ చేయండి, సందేశాల స్క్రీన్‌షాట్లు దాచండి, ఇంట్లో పెద్దవారికి ఈ రోజే చెప్పండి. 2020 చివర్లో తెలంగాణలో ఈ వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పంపినవాడు సిగ్గుపడవలసిన సందేశాలకు మీరు సిగ్గుపడనక్కర్లేదు.

ప్రశ్న (డిగ్రీ అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్): వ్యాపారుల సంగతి సరే. ప్రభుత్వమే మన వివరాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే దానికి హద్దు ఉందా?

జవాబు: హద్దు ఉండాలన్నది రాజ్యాంగం చెప్పిన మాట. అది ఆచరణలో ఎంతవరకు ఉందన్నది వేరే ప్రశ్న. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. దానికి పదమూడేళ్ల ముందు మన నేల మీది తగాదా ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ ప్రకారం, కలెక్టర్ అధికారమిచ్చిన వ్యక్తి ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేయవచ్చు, స్వాధీనం కూడా చేసుకోవచ్చు. కెనరా బ్యాంకు దీన్ని సవాలు చేసింది. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది, 2004లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే సమర్థించింది. ఖాతాదారు తన పత్రాన్ని నమ్మకంతో బ్యాంకుకు ఇచ్చినంత మాత్రాన దాని మీద గోప్యత హక్కు వదులుకున్నట్టు కాదని, గోప్యత చోటుకు కాక మనిషికి చెందినదని న్యాయస్థానం చెప్పింది. ఒక పనికి ఒకరి చేతికి ఇచ్చినది ఆ పనికే, ఆ చేతికే. ఈ ఉత్తరాలన్నిటికీ నేను ఇస్తున్న జవాబు చివరికి ఇదే.

ఆచరణ దగ్గరికి వద్దాం. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ పేరుతో వేర్వేరు శాఖల రికార్డులను జోడించి, ఎవరు పథకాలకు అర్హులో లెక్కగట్టారు. పేర్ల అక్షరాలు, చిరునామాలు సరిపోల్చి ఇద్దరిని ఒక్కరుగా గుర్తించే యంత్రం పొరపాటు పడితే ఏమవుతుందో హైదరాబాద్‌లో కనిపించింది. రిక్షా తొక్కి బతికిన మనిషి పేరున కారు ఉన్నట్టు రికార్డులో తేలి, ఆ కుటుంబానికి రేషన్ కార్డు నిరాకరించిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. రాష్ట్రంలో రద్దైన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. తప్పుడు సమాచారం వ్యాపారి దగ్గర ఉంటే మనకు అక్కర్లేని ఫోన్ కాల్ వస్తుంది. ప్రభుత్వం దగ్గర ఉంటే పొయ్యి మీదికి బియ్యం రావు. వీధుల్లో పోలీసులు ముఖాలను ఫొటో తీసి సరిపోల్చడాన్ని ప్రశ్నిస్తూ హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఒకరు తెలంగాణ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేశారు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది.

2023లో వచ్చిన కొత్త డేటా రక్షణ చట్టం ఈ విషయంలో ప్రభుత్వానికి చాలా వెసులుబాటు ఇచ్చింది. రాయితీలు, ప్రయోజనాల కోసం ప్రభుత్వం తన దగ్గరున్న వివరాలను మళ్లీ మన సమ్మతి అడగకుండానే వాడుకోవచ్చు. భద్రత, శాంతిభద్రతల పేరుతో కేంద్రం తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలకు చట్టం నుంచే మినహాయింపు ఇవ్వవచ్చు. ఇది సరికాదన్నదే నా అభిప్రాయం. ఎవరికైనా పథకం నిరాకరించినప్పుడు ‘కంప్యూటర్‌లో అలా ఉంది’ అన్న మాటతో వెనుదిరగవద్దని మీ విద్యార్థులకు చెప్పండి. ఏ శాఖ రికార్డును బట్టి నిరాకరించారో రాసివ్వమని అర్జీ పెట్టాలి, తమ సొంత దరఖాస్తు మీద అధికారులు రాసిన వ్యాఖ్యలు (నోటింగ్స్) ఇవ్వమని సమాచార హక్కు కింద అడగాలి.

ప్రశ్న (సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా): ఇక్కడ నా పేరు వెతికితే ఇంటి చిరునామా, భార్య పేరు, పాత అద్దె ఇళ్లు అన్నీ కనిపిస్తున్నాయి. నేను పౌరుణ్ణి కాను, వీసా మీద ఉన్నాను. తీసేయించే హక్కు నాకు ఉందా?

జవాబు: ఉంది. కాలిఫోర్నియా చట్టం చూసేది నివాసాన్నే, పౌరసత్వాన్ని కాదు. 2023లో ఆమోదించిన ‘డిలీట్ యాక్ట్’ కింద ఆ రాష్ట్రం ‘డ్రాప్’ అనే వేదికను 2026 జనవరిలో ప్రారంభించింది. అక్కడ ఒక్క అభ్యర్థన పెడితే రాష్ట్రంలో నమోదైన డేటా దళారులందరికీ అది వర్తిస్తుంది, 2026 ఆగస్టు నుంచి వారు 45 రోజులకొకసారి ఆ జాబితా తీసుకొని వివరాలు తొలగిస్తుండాలి. కౌంటీ ఆస్తి రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లోనివి మాత్రం దీని పరిధిలోకి రావు. మీ శ్రీమతి గారి పేరున విడిగా మరో అభ్యర్థన పెట్టండి.

ప్రశ్న (న్యాయవాది గుమాస్తా, విజయనగరం): మన దేశంలో అలా ఒక్క అభ్యర్థనతో తీసేయించే వీలుందా? కొత్త చట్టం ఎప్పటి నుంచి అమలవుతుంది?

జవాబు: అలాంటి ఒకే వేదిక మనకు లేదు. ‘డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం’ 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే మనకు హక్కులిచ్చే ముఖ్యమైన సెక్షన్లు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమలులోకి వస్తాయి. అప్పటినుంచి మన వివరాలు తీసుకున్న సంస్థను అవి ఏమిటో, ఎవరెవరికి ఇచ్చిందో అడగవచ్చు, తప్పులు దిద్దించవచ్చు, తొలగించమనవచ్చు. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని చట్టం చెబుతోంది. భద్రత విషయంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కానీ ఆ జరిమానా ఖజానాకే వెళ్తుంది, నష్టపోయిన మనిషికి పరిహారం ఇచ్చే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. పాత ఐటీ చట్టంలో పరిహారానికి ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా ఇది తొలగిస్తోంది. మనం స్వయంగా బహిరంగంగా పెట్టుకున్న వివరాలకు ఈ చట్టం వర్తించదు కాబట్టి, ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పుట్టినతేదీ, ఫోన్ నంబరు ఉంచినవారు ఆ సెట్టింగ్‌ను మార్చుకోవడం మంచిది.

2027 దాకా చేతులు కట్టుకొని కూర్చోనక్కర్లేదు. ఐటీ చట్టం కింద వచ్చిన 2011 నాటి నియమాల ప్రకారం వివరాలు సేకరించే సంస్థలు ఫిర్యాదుల అధికారి పేరును తమ వెబ్‌సైట్‌లో ప్రకటించాలి, వచ్చిన ఫిర్యాదును నెలలోపు పరిష్కరించాలి. ఆ అధికారికి ఈమెయిల్‌లో గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ ఇలా రాయండి: ‘ఫలానా తేదీన ఫలానా సేవ కోసం నా పేరు, ఫోన్ నంబరు, చిరునామా మీకు ఇచ్చాను. ఆ సేవ పూర్తయింది. నా గురించి మీ దగ్గర ఏయే వివరాలు ఉన్నాయో, వాటిని ఎవరెవరికి ఇచ్చారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. ప్రచారానికి వాడుకోవడానికి, ఇతరులకు ఇవ్వడానికి నా సమ్మతిని ఈ లేఖతో ఉపసంహరించుకుంటున్నాను. చట్టప్రకారం ఉంచవలసినవి మినహా మిగిలినవాటిని తొలగించి, ఆ సంగతి నాకు తెలపగలరు.’

లేఖలో కోపం వద్దు, తేదీలు మాత్రం తప్పకుండా ఉండాలి. జవాబు వచ్చినా రాకపోయినా లేఖ ప్రతిని, పోస్టు రసీదును ఒకే కవరులో పెట్టి, కవరు మీద సంస్థ పేరు రాసి ఉంచండి. కొత్త చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా రక్షణ బోర్డుకు వెళ్లాలంటే ముందు సంస్థనే అడిగి ఉండాలి, ఆధారం లేని ఫిర్యాదుకు మనకే 10,000 రూపాయల దాకా జరిమానా వేసే వీలు కూడా దానిలో ఉంది. 2027 మేలో అదే లేఖను కొత్త తేదీతో మళ్లీ పంపినప్పుడు ఈ పాత రసీదును కూడా జతచేయండి.